అప్‌డేట్: చిట్టెలుక మెదడు స్కాన్‌లో నాయిస్ సంగతి

చిట్టెలుక మెదడు ఎంఆర్ఐ బొమ్మల్లో నాయిస్ (సిగ్నల్‌లో కలిసిపోయే అనవసరపు రొద) ఎక్కువగా ఉంది, ఇంకా పెద్ద అయస్కాంతం కావాలా అని, పరిశోధన చేస్తున్న మా చెల్లి తరఫున ఇక్కడ అడిగాను కదా. సిరిమాను పండక్కి విజయనగరం వచ్చినప్పుడు అంతా చెప్పింది. అయస్కాంతం మార్చలేదు. మీరు చెప్పినట్టే తలకు ఆనుకునే చిన్న సర్ఫేస్ కాయిల్ (సిగ్నల్‌ని అందుకునే తీగచుట్ట) పెట్టారు. బొమ్మలు ఎంత మెరుగయ్యాయో!

చిన్న మెదడులో వివరాలు కనపడాలంటే వోక్సెల్ (బొమ్మలోని అతి చిన్న ఘనం) చిన్నదిగా ఉండాలి, కానీ దాని ప్రతి భుజాన్నీ సగం చేస్తే సిగ్నల్ 8వ వంతుకు పడిపోతుంది. స్కాన్లు మళ్లీ మళ్లీ తీసి, సగటుతో దాన్ని రాబట్టాలంటే, లాభం స్కాన్ల సంఖ్యకు వర్గమూలం మేరకే ఉంటుంది కాబట్టి, 64 (8×8) రెట్ల సమయం పడుతుంది. ఆ చిన్న ప్రాణిని అంతసేపు మత్తులో ఉంచకూడదు, నాకు అన్నిటికన్నా ఇదే ముఖ్యం.

కాయిల్‌ని చల్లబరిచే ఉపాయమూ ఉంది. మనుషుల స్కాన్‌లో నాయిస్ ఎక్కువగా శరీరం నుంచే వస్తుంది కాబట్టి లాభం తక్కువ. చిన్న కాయిల్‌లో దాని సొంత నాయిసే ఎక్కువ, అందుకే అలా చల్లబరిచిన క్రయో కాయిల్‌తో, నాయిస్‌తో పోలిస్తే సిగ్నల్ సుమారు 2 నుంచి 3 రెట్లు మెరుగవుతుంది. చెల్లి వాళ్ల రీసెర్చ్ గైడ్‌గారు దానికి నిధులు అడుగుతున్నారు. మంజూరైతే మళ్లీ రాస్తాను.