బేస్ గిటార్ మీద పంక్ పాట: ట్యాబ్ వచ్చింది, స్పీడ్ రావట్లేదు

ప్రశ్న:
పంక్ బ్యాండ్ రామోన్స్ 1976లో పాడిన 'బ్లిట్జ్‌క్రీగ్ బాప్'ని బేస్ గిటార్ మీద ట్యాబ్ (ఏ తీగ ఎక్కడ నొక్కాలో గీతలు, అంకెలతో చూపే రాత) చూసి నేర్చుకుంటున్నా. నోట్లు వచ్చేశాయి. ఒరిజినల్ స్పీడ్‌లో వాయిస్తే సగం పాటకే కుడిచెయ్యి పట్టేస్తోంది. వాళ్ల బేసిస్ట్ డీ డీ రామోన్‌లా పిక్‌తో (తీగ మీటే చిన్న బిళ్ల) అన్నీ కిందికే కొట్టాలని నా కోరిక. ఏం చెయ్యాలి?

జవాబు:
పిక్‌ని అంత బిగించి పట్టుకోకు తమ్ముడూ. కొన మాత్రమే తీగకి తగలాలి. కదలాల్సింది మణికట్టు, మోచెయ్యి కాదు. మెట్రోనోమ్ (తాళం టిక్కులు కొట్టేది) నిమిషానికి 120లో పెట్టు, పాటంతా హాయిగా వచ్చాకే కాస్త పెంచు. నొప్పి పుడితే ఆపెయ్, పంతం వద్దు.

ఇంకో జవాబు:
ఎడమచేతికి పెద్ద పనేం లేదు. ట్యాబ్‌లో కింది గీత లావు తీగ, అంటే ఇ తీగ. దాని మీద 5వ ఫ్రెట్ (మెడ మీది మెట్టు) నొక్కితే 'ఏ' స్వరం. పక్క తీగ మీద 5 నొక్కితే 'డి', 7 నొక్కితే 'ఇ'. పాటలో ఎక్కువ భాగం వీటితోనే నడిచిపోతుంది. అయితే మామూలు ట్యాబ్‌లో నోటు ఎంతసేపు మోగాలో ఉండదు. అందుకే ముందు పాట బాగా వినండి, డ్రమ్స్‌తో పాటు నోటితో అనండి. నాకైతే పంక్ బేస్ అందమంతా అక్కడే ఉంది!

అడిగినవారు:
థాంక్స్ అన్నా! గ్రీన్ డే బ్యాండ్ పాట 'లాంగ్‌వ్యూ' కూడా మొదలుపెట్టా, రికార్డుతో శ్రుతి కలవట్లేదు.

జవాబు:
నాలుగు తీగలూ అర స్వరం దించు, కలుస్తుంది.