సీఎస్ (కంప్యూటర్ సైన్స్) కోసం ముందు రెండేళ్ళు కమ్యూనిటీ కాలేజీ: పంపొచ్చా, వద్దా?

సన్నీవేల్_నాన్న:
మా వాడు ఈ జూన్‌లో హైస్కూల్ అయిపోతాడు. అప్లై చేసిన యూసీల్లో (యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా క్యాంపస్‌లు) ఒక్కచోట కూడా కంప్యూటర్ సైన్స్ రాలేదు. పక్క రాష్ట్రంలో ఒక ప్రభుత్వ యూనివర్సిటీలో వచ్చింది, ఫీజు, హాస్టల్, తిండి అన్నీ కలిపి ఏడాదికి 52 వేల డాలర్లు. వాడేమో "నాన్నా, ఇక్కడి కమ్యూనిటీ కాలేజీ డీ ఆంజాలో రెండేళ్ళు చదివి, మూడో ఏడాదికి యూసీ బర్క్‌లీకో శాన్ డియేగోకో ట్రాన్స్‌ఫర్ అవుతా" అంటున్నాడు. మా ఆవిడ రెండ్రోజులుగా అన్నం సరిగ్గా తినడం లేదు. ఊళ్ళో మా అమ్మకి ఏమని చెప్పాలన్నది తన దిగులు. నా దిగులు వేరు: ఈ దారిలో వెళ్ళినవాళ్ళు నిజంగా సీఎస్‌లో చేరుతున్నారా, మధ్యలోనే ఉండిపోతున్నారా? మే 1 లోపు డిపాజిట్ కట్టాలి. అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి.

డబ్లిన్_మామయ్య:
అన్నా, డిపాజిట్ కట్టేయండి. కమ్యూనిటీ కాలేజీ అంటే నాకు చులకన లేదు. సైకాలజీకో ఎకనామిక్స్‌కో అయితే కళ్ళు మూసుకుని పంపమనేవాణ్ణి. సీఎస్ సంగతి వేరు. యూసీలకి ట్రాన్స్‌ఫర్‌లో టాగ్ అని ఒకటుంది. అడిగిన కోర్సులు, అడిగిన జీపీఏ (గ్రేడ్ల సగటు) ఉంటే సీటు ఖాయం అని ముందే మాటిస్తారు. అది ఇచ్చేవి ఆరు క్యాంపస్‌లే. బర్క్‌లీ, లాస్ ఏంజెలిస్, శాన్ డియేగో ఇవ్వవు. ఇచ్చేచోట కూడా కొన్ని మేజర్లను (డిగ్రీలో ప్రధాన సబ్జెక్టులను) పక్కన పెడతారు. అంటే మీవాడు పేరు పెట్టి చెప్పిన రెండు చోట్లా ఏ హామీ లేదు.

ఇంకో సంగతి. రెండేళ్ళు అని పేరే గానీ, అప్లికేషన్ పెట్టేది రెండో ఏడాది నవంబర్ ఆ ప్రాంతంలో. అప్పటికి చేతిలో ఉండేది ఒక్క ఏడాది గ్రేడ్లు. ఫాల్ గ్రేడ్లు జనవరిలో చేరుస్తారు, అంతే. మొదటి క్వార్టర్‌లో, అంటే మొదటి టర్మ్‌లో, కాలిక్యులస్‌లో సి వచ్చిందంటే అది అలాగే ఉండిపోతుంది. సి వచ్చిన కోర్సు మళ్ళీ చదివి గ్రేడు పెంచుకుంటానంటే యూసీ ఒప్పుకోదు.

మా అక్క కొడుకు ఇలాగే వెళ్ళాడు. ఏ కాలేజీ అన్నది వదిలేయండి. మొదటి ప్రోగ్రామింగ్ క్లాసుకి వెయిట్‌లిస్టులో వాడిది 14వ నంబరు. ఆ క్లాసు లేకపోతే రెండోది ఇవ్వరు, రెండోది లేకపోతే డేటా స్ట్రక్చర్స్ ఇవ్వరు. అలా మూడేళ్ళు పట్టింది. చివరికి యూసీలో చేరాడు, చేరిన నెల తిరక్కుండానే కంపెనీలొచ్చే కెరీర్ ఫెయిర్. లైన్లో వాడి ముందూ వెనకా నిలబడ్డవాళ్ళు రెండేళ్ళుగా అక్కడే ఉండి ప్రాజెక్టులు చేసినవాళ్ళు. వీడికి ఇంకా ఏ బిల్డింగ్ ఎక్కడుందో తెలీదు. డిగ్రీ చేతికొచ్చేలోపు యూసీ విద్యార్థిగా ఇంటర్న్‌షిప్‌కి దొరికేది ఒక్క వేసవే.

క్యుపర్టినో_అమ్మ:
మామయ్య గారూ, మీరు చెప్పినవన్నీ నిజాలే. మా అమ్మాయి ఆ కష్టాలన్నీ పడింది. డీ ఆంజాలో చదివి ఇప్పుడు యూసీ డేవిస్‌లో సీఎస్ చివరి ఏడాదిలో ఉంది. అయినా మా రెండోవాణ్ణి కూడా ఇదే దారిలో పంపుతాను.

మీ మేనల్లుడికి మూడేళ్ళు ఎందుకు పట్టిందో మీ మాటల్లోనే ఉంది. ఇక్కడ కోర్సులన్నీ గొలుసు. ప్రోగ్రామింగ్‌లో 22ఎ, 22బి, 22సి అని మూడు కోర్సులు. కాలిక్యులస్ 1ఎ నుంచి 1డి దాకా నాలుగు. ఆపైన లీనియర్ ఆల్జీబ్రా, డిస్క్రీట్ మ్యాథ్స్, కొన్ని చోట్లకి ఫిజిక్స్ 4ఎ, 4బి, 4సి. ఒక్క కొక్కెం ఊడితే వెనకున్నవన్నీ ఆగుతాయి. అసిస్ట్ అనే సైట్ ఉంది. మన కాలేజీ, వెళ్ళాల్సిన యూసీ, మేజర్ ఎంచుకుంటే ఇక్కడి ఏ కోర్సు అక్కడి ఏ కోర్సుకి సమానమో చూపిస్తుంది. ఒక యూసీ అడిగింది ఇంకో యూసీ అడగదు. మా పాప హైస్కూల్ అయిన వారంలోనే ఐదు క్యాంపస్‌ల పేజీలు ప్రింట్ తీసి, అన్నీ కలిపి ఒకే కాగితం మీద క్వార్టర్ల వారీగా గళ్ళు గీసుకుంది. ఆ కాగితం రెండేళ్ళు మా ఫ్రిజ్ మీదే ఉంది, అయిపోయిన కోర్సు మీద ఆకుపచ్చ గీత. 22ఎ వేసవిలోనే ముగించేసింది. వెయిట్‌లిస్టు గొడవ తప్పింది అందుకే.

డబ్బు సంగతి చెప్పాలి. కాలిఫోర్నియా రెసిడెంట్లకి డీ ఆంజాలో ఒక్కో క్వార్టర్ యూనిట్‌కి, అంటే ఒక్కో క్రెడిట్‌కి, 31 డాలర్లు. ట్రాన్స్‌ఫర్‌కి 90 యూనిట్లు కావాలి, అంటే రెండేళ్ళకీ కలిపి 2,790. పుస్తకాలు, చిల్లర ఫీజులు వేరు. పిల్ల ఇంట్లోనే ఉంటుంది. హైస్కూల్ మార్కులు, శాట్ పరీక్ష స్కోరు ఏవీ ట్రాన్స్‌ఫర్‌లో చూడరు, కాలేజీ గ్రేడ్లే చూస్తారు.

చదువు తక్కువేమో అనుకునేవాళ్ళకి ఇది. 22బిలో పాయింటర్లు అనే పాఠం తలకెక్కక మా పాప ఒక సాయంత్రం మొహం వేలాడేసుకుని వచ్చింది. మర్నాడు ప్రొఫెసర్ ఆఫీస్ అవర్‌కి (పిల్లల సందేహాలకి కేటాయించిన వేళ) వెళ్తే, ఆయన నలభై నిమిషాలు కాగితం మీద గళ్ళు, బాణాలు గీస్తూ మెమరీలో ఏది దేన్ని చూపిస్తుందో చెప్పారట. ఆ కాగితం ఇంటికి తెచ్చి తమ్ముడికి పాఠం చెప్పింది. బర్క్‌లీలో మొదటి ప్రోగ్రామింగ్ క్లాసులో వందల మంది ఉంటారు. అక్కడైతే ఈ నలభై నిమిషాలు దొరికేవా?

ఈసెట్_2008:
మనవాళ్ళకి ఈ పద్ధతి కొత్తేం కాదండీ. నేను పదో తరగతి కాగానే గుంటూరు జిల్లాలో పాలిటెక్నిక్‌లో చేరాను. మూడేళ్ళ డిప్లమో, తర్వాత ఈసెట్ అనే ప్రవేశ పరీక్ష రాసి నేరుగా బీటెక్ రెండో ఏడాదిలోకి లాటరల్ ఎంట్రీ. ల్యాబుల్లో మేమే ముందుండేవాళ్ళం. మ్యాథ్స్ క్లాసుకొచ్చేసరికి చుక్కలు కనపడేవి, మొదటి ఏడాది పాఠాలు మిగతావాళ్ళంతా చదివేసి ఉన్నారు మరి. ఒక లెక్చరర్ అయితే హాజరు పిలిచేటప్పుడు "డిప్లమో బ్యాచ్" అని విడిగా పిలిచేవాడు. పదిహేడేళ్ళయినా ఆ గొంతు చెవిలోనే ఉంది.

అందుకే సన్నీవేల్ నాన్న గారింట్లో అక్కకి నాదొక మనవి. ఊళ్ళో ఎవరేమనుకుంటారో అని ఇంట్లో ఈ మాట గొంతు తగ్గించి మాట్లాడకండి. బయటివాళ్ళు అన్నది నేను తట్టుకున్నాను. మా నాన్న చుట్టాలకి "ఇంజినీరింగ్ మొదటి ఏడాది" అని అబద్ధం చెప్పినప్పుడు తట్టుకోలేకపోయాను.

ఫ్రీమాంట్_పద్మ:
సన్నీవేల్ నాన్న గారూ, మీవాడిది ఏ వీసా స్టేటస్? హెచ్4 (హెచ్1బీ ఉద్యోగుల కుటుంబాలకిచ్చే వీసా) అయితే లెక్కంతా మారిపోతుంది. 21 నిండగానే హెచ్4 పోతుంది, స్టూడెంట్ వీసా ఎఫ్1కి మారాలి. రెండేళ్ళు మూడైతే ఆ మార్పు సరిగ్గా ట్రాన్స్‌ఫర్ వేళకే వచ్చి పడుతుంది. ఫీజు రెసిడెంట్ లెక్కన వేస్తారో లేదో ముందే అడిగి రాతపూర్వకంగా తీసుకోండి. హెచ్4 మీద పిల్లలు జీతానికి ఇంటర్న్‌షిప్ చేయలేరు. ఫెడరల్ ఎయిడ్ (చదువుకి కేంద్ర ప్రభుత్వ సాయం) కూడా రాదు. మా ఇంట్లో ఈ తేదీలు చూసుకున్నాకే మిగతావి మాట్లాడుకున్నాం.

డబ్లిన్_మామయ్య:
క్యుపర్టినో అమ్మ గారూ, మా మేనల్లుడికి ఇలాంటి కాగితం ఎవరూ గీయించలేదు, నాతో సహా. ఆ తప్పు కాలేజీ మీదికి నెట్టాను, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. హామీ లేదన్న మాట మాత్రం మార్చుకోను. బర్క్‌లీ, శాన్ డియేగో రెండే రాసుకుని బయల్దేరితే ఇప్పటికీ వద్దనే అంటాను. శాన్ హోసే స్టేట్ యూనివర్సిటీ, ఇంకో రెండు యూసీలు కూడా ఆ కాగితంలో ఉండాలి. వేరే మేజర్‌లో చేరి తర్వాత సీఎస్‌కి మారదామన్న ఆలోచన మాత్రం ఎవరైనా చెప్పినా వినొద్దు.

సన్నీవేల్_నాన్న:
అందరికీ దండాలు. పద్మ గారూ, మాకు రెండేళ్ళ క్రితం గ్రీన్ కార్డ్ వచ్చింది, ఆ గండం లేదు.

రాత్రి వాడూ నేనూ డైనింగ్ టేబుల్ దగ్గర అసిస్ట్ తెరిచి కూర్చున్నాం. బర్క్‌లీ పేజీ, శాన్ డియేగో పేజీ పక్కపక్కన పెట్టి చూస్తే గానీ రెండూ ఒకటే అడగవని వాడికి తెలియలేదు. అప్పటిదాకా గట్టిగా మాట్లాడినవాడు కాస్త నెమ్మదించాడు. నాకది మంచిదే అనిపించింది. ఏపీ కాలిక్యులస్ బీసీ (హైస్కూల్లోనే రాసే కాలేజీ స్థాయి పరీక్ష) స్కోరు వస్తే కాలిక్యులస్‌లో ఎక్కణ్ణుంచి మొదలెట్టాలో శుక్రవారం కౌన్సెలర్‌ని అడుగుతాం. డిపాజిట్ ఇంకా కట్టలేదు.

ఈసెట్ గారి మాట మా ఆవిడకి రెండుసార్లు చదివి వినిపించాను. ఏమీ అనలేదు, ఫోన్ తీసుకుని తనే ఇంకోసారి చదువుకుంది.

క్యుపర్టినో అమ్మ గారూ, ఆ ఫ్రిజ్ మీది కాగితం ఇంకా ఉంటే ఒక ఫొటో పెట్టగలరా? గళ్ళు ఎలా గీసుకుందో చూస్తానంటున్నాడు మా వాడు.