తొడలో గడ్డ: ఎంఆర్ఐలో ‘హైబర్నోమా?’ అని రాశారు, ఇప్పుడేం చేయాలి?

ప్రశ్న (దేవరకొండ): మా తమ్ముడికి 34 ఏళ్లు. కుడి తొడలో రెండేళ్ల నుంచి గడ్డ పెరుగుతోంది, నొప్పి లేదు. కొవ్వు గడ్డే కదా అని ఊరుకున్నాం. మొన్న నల్గొండలో ఎంఆర్ఐ తీయిస్తే కండ లోపల 8 సెంటీమీటర్లు ఉందని, మామూలు కొవ్వు గడ్డ (లైపోమా)లా లేదని, రక్తనాళాలు ఎక్కువగా ఉన్నాయని చెప్పి, చివర ‘హైబర్నోమా? లైపోసార్కోమా?’ అని రాశారు. ఇంట్లో అందరికీ ఒకటే టెన్షన్. ఇక్కడొక డాక్టర్ గంటలో తీసేస్తానంటున్నారు. తీయించేయమంటారా?

జవాబు (మహబూబ్‌నగర్, పాథాలజీ ల్యాబ్): తొందరపడకండి అన్నా. చర్మం కింద అటూ ఇటూ జరిగే చిన్న గడ్డయితే ఎవరైనా తీస్తారు. 5 సెంటీమీటర్లు దాటి, కండ లోపల ఉండి, పెరుగుతోందంటే ముందు బయాప్సీ (సూదితో చిన్న ముక్క తీసి పరీక్షించడం) చేయించాలి. లైపోసార్కోమా అంటే కొవ్వు కణాల క్యాన్సర్, హైబర్నోమా క్యాన్సర్ కాదు. పసిపిల్లల ఒంట్లో వేడి పుట్టించే బ్రౌన్ ఫ్యాట్ (గోధుమరంగు కొవ్వు) నుంచి వస్తుంది, తొడలోనే ఎక్కువ కనిపిస్తుంది. కోసి చూస్తే లైపోమా పసుపుపచ్చగా, ఇది గోధుమరంగులో ఉంటుంది. స్లైడ్ మీద ఒక్కో కణంలో నురగలా బోలెడు చిన్న కొవ్వు చుక్కలు కనిపిస్తాయి. అనుమానం తీరకపోతే ఎండీఎం2 అనే జన్యువు పరీక్ష అడగండి. కొవ్వులా కనిపించే లైపోసార్కోమాలో ఆ జన్యువు కాపీలు పెరిగి ఉంటాయి, హైబర్నోమాలో అలా పెరగవు.

బయాప్సీ సూది ఎక్కడ గుచ్చాలో ఆపరేషన్ చేసే సర్జనే చెప్పాలి. రక్తం పలచబడే మందులు వాడుతుంటే ముందే చెప్పండి, ఈ గడ్డకు రక్తస్రావం ఎక్కువ.

ప్రశ్న: హైబర్నోమానే అని తేలితే? మళ్లీ వస్తుందా?

జవాబు: గడ్డ మొత్తం తీసేస్తే మళ్లీ రావడం చాలా అరుదు. కీమో, రేడియేషన్ అక్కర్లేదు. తీసిన గడ్డ మాత్రం మొత్తం ల్యాబ్‌కు వెళ్లాలి, అదీ ఫార్మలిన్‌లో (కణాలు పాడవకుండా ఉంచే ద్రవం). సెలైన్ సీసాలో వేసుకుని మర్నాడు బస్సులో తెచ్చేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. కణాలు పాడైపోయాక మేం మాత్రం ఏం చెప్పగలం?

ఇంకొకరు (మిర్యాలగూడ): మా దిక్కు గడ్డకు వాత పెట్టించేవాళ్లు ఉన్నారు. ఆ పని మాత్రం చేయకండి. హైదరాబాద్‌లో నిమ్స్ గానీ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆస్పత్రికి గానీ వెళ్లండి. లేదంటే బీబీనగర్ ఎయిమ్స్‌లో అడిగి చూడండి. రిపోర్టు కాగితం ఒక్కటే చాలదు, ఎంఆర్ఐ సీడీ కూడా పట్టుకెళ్లండి.

ప్రశ్న: సరే అన్నా. ఇక్కడ ఆపరేషన్ వద్దని ఇప్పుడే చెప్పేస్తున్నా. సీడీ స్కాన్ సెంటర్‌లోనే ఉండిపోయింది, రేపు పోయి తెస్తా.