సెల్లార్ గోడలో పైపుల దగ్గర లీకు: లోపల గ్రౌటింగ్ సరిపోతుందా, బయట తవ్వాల్సిందేనా?

మియాపూర్ సెల్లార్:
మా అపార్ట్‌మెంట్‌కి 12 ఏళ్లు. సెల్లార్ గోడలోంచి 3 పైపులు లోపలికి వస్తాయి: డ్రైనేజీ పీవీసీ, సంపులోకి మంచినీళ్ల లైను, కరెంటు కేబుల్ ఉన్న పైపు. గట్టి వాన పడితే ఆ మూల తెల్లారేసరికి మడుగే. పోయినేడు మేస్త్రీ వాటర్‌ప్లగ్ (లీకు ఆపడానికి కుక్కే, త్వరగా గట్టిపడే సిమెంటు) పెట్టాడు. 2 వానలు ఆపింది. మూడో వానకి పీవీసీకీ ప్లగ్‌కీ మధ్య గోరు దూరేంత సందు. ఒకాయన పీయూ గ్రౌటింగ్ (పాలీయురేతేన్ రసాయనాన్ని పంపుతో సందుల్లోకి ఎక్కించడం) అంటాడు, ఇంకొకాయన బయట తవ్వాలంటాడు. ఆదివారం మీటింగ్, నాకేమో టెన్షన్.

పాత సైట్ ఇంజనీర్:
తవ్వండి. గోడ బయట 3 మీటర్ల ఎత్తున నీళ్లు నిలిస్తే అడుగున చదరపు మీటరుకి 3 టన్నుల ఒత్తిడి. బయట తవ్వి వేసిన వాటర్‌ప్రూఫ్ పూతను ఆ నీళ్లే గోడకు అదుముతాయి, లోపల వేసినదాన్ని ఊడదోస్తాయి. కాంక్రీట్ పోసేటప్పుడే పడిల్ ఫ్లాంజ్ (కాంక్రీట్‌లో ఇమిడిపోయి నీళ్లను అడ్డుకునే, పళ్లెం లాంటి అంచు) ఉన్న పైపు ముక్క పెట్టి ఉంటే ఈ గొడవే లేదు. తర్వాత గోడ పగలగొట్టి పైపు దూర్చి సిమెంటు కుక్కితే ఇంతే.

గ్రౌటింగ్ గ్యాంగ్:
సార్, తవ్వేదెక్కడ? మా దగ్గర గోడకీ కాంపౌండ్‌కీ మధ్య 3 అడుగులు, అందులోనే ట్రాన్స్‌ఫార్మర్. పీయూ నీళ్లు తగిలితేనే పొంగుతుంది. పైపు పక్క నుంచి ఏటవాలుగా రంధ్రాలు వేసి, ప్యాకర్లు (పీయూ ఎక్కించే నాజిళ్లు) బిగించి, సందులోంచి నురగ బయటికొచ్చేదాకా పంపు కొట్టాలి. మాది చేయించి 4 వానాకాలాలు.

పాత సైట్ ఇంజనీర్:
ఏ రకం పీయూ? నీళ్లు పీల్చుకునే రకమైతే ఎండల్లో ఆరి ముడుచుకుంటుంది, జూన్‌లో మళ్లీ మొదలు.

గ్రౌటింగ్ గ్యాంగ్:
అది నిజమే. నీళ్లను పీల్చని రకమేనని కొటేషన్‌లో రాయించుకోవాలి.

పైపుల మేస్త్రీ:
ప్లగ్ ఊడిందని మేస్త్రీని తిట్టకండి. పీవీసీ నున్నగా ఉంటుంది, సిమెంటు పట్టదు. పైగా వేడికి కాంక్రీటుకన్నా చాలా ఎక్కువ సాగుతుంది. మేం కొత్త పైపు పెట్టేటప్పుడు శాండ్‌పేపర్‌తో రుద్ది, సాల్వెంట్ సిమెంట్ రాసి, తడి ఆరకముందే ఇసుక చల్లుతాం. ఇంతకీ నీళ్లు పైపు చుట్టూ వస్తున్నాయా, పైపు లోపల నుంచా? ఆ సంగతి ఎవరూ అడగలేదే!

మియాపూర్ సెల్లార్:
నిన్న రాత్రి వానలో టార్చ్ పట్టుకుని కూర్చున్నా. మంచినీళ్ల లైను పొడిగా ఉంది. డ్రైనేజీ పైపు చుట్టూ తుడిస్తే 10 నిమిషాల్లో మళ్లీ చెమ్మ, అంతే. ధార మాత్రం కేబుల్ పైపు నోట్లోంచి! కేబుల్ వెంబడే జారుతోంది. భయమేసి దగ్గరికి పోలేదు.

పాత సైట్ ఇంజనీర్:
మంచి పని చేశారు. దానికి తవ్వకమూ వద్దు, గ్రౌటింగూ వద్దు. బయట కేబుల్ చాంబర్‌లో నీళ్లు నిలుస్తున్నట్టున్నాయి. ఎలక్ట్రీషియన్‌తో సప్లై ఆపించి, ముందు చాంబర్ ఖాళీ చేయించండి. తర్వాత అటువైపు నుంచే పైపు మూతి సీల్ చేయించండి. డ్రైనేజీ పైపుకి మాత్రం తవ్వాలనే అంటాను.

గ్రౌటింగ్ గ్యాంగ్:
చెమ్మకి జేసీబీయా సార్!