అలంపూర్ అమ్మాయి ఎమ్మెస్సీకి ఎటు వెళ్లాలి: నది దాటి కర్నూలుకా, ఉస్మానియాకా?

అలంపూర్ అన్న:

మాది జోగులాంబ గద్వాల జిల్లా, అలంపూర్ మండలం. మా చెల్లి పదో తరగతి దాకా ఊళ్లోనే చదివింది. ఇంటర్, డిగ్రీ కర్నూలులో చదివింది. బీఎస్సీ కెమిస్ట్రీ ఈ ఏడే అయిపోయింది. ఎమ్మెస్సీ కోసం తెలంగాణ సీపీగెట్, ఏపీ పీజీసెట్ రెండూ రాసింది, రెండింట్లోనూ మంచి ర్యాంకులే వచ్చాయి. నాన్నేమో కర్నూలు రాయలసీమ యూనివర్సిటీలో చేరమంటున్నారు. మాకు కర్నూలు దాదాపు 25 కిలోమీటర్లు, ఆటో, బస్సు ఏదో ఒకటి దొరుకుతూనే ఉంటుంది. హైదరాబాద్ 200 కిలోమీటర్ల పైమాటే. చెల్లికి మాత్రం ఉస్మానియా మీదే మనసు. ఈలోగా మా బాబాయి వచ్చి, "ఆంధ్రలో పీజీ చేస్తే రేపు తెలంగాణ ఉద్యోగాలకు నాన్‌లోకల్ అయిపోతావు" అని ఒక మాట అనేసి వెళ్లారు. అప్పటి నుంచి ఇంట్లో అందరికీ టెన్షన్. తెలిసినవాళ్లు చెప్పండి.

తార్నాక సీనియర్:

ఉస్మానియా. ఇందులో రెండో ఆలోచన అనవసరం తమ్ముడూ. 1918లో స్థాపించిన యూనివర్సిటీ అది, పేరు కోసమే అనడం లేదు. కెమిస్ట్రీ చదివే పిల్లకి క్యాంపస్ చుట్టుపక్కల ఏముందో చూడండి. తార్నాకలో కేంద్ర రసాయన పరిశోధన సంస్థ ఐఐసీటీ, హబ్సిగూడలో జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ. ప్రాజెక్టు కోసం, సెమినార్ల కోసం నడిచి వెళ్లొచ్చే దూరంలో దేశంలోనే పెద్ద ల్యాబులు. రెండో ఏడాది ప్రాజెక్టు అలాంటి చోట చేసిన విద్యార్థికీ, కాలేజీ ల్యాబులో నాలుగు రియాక్షన్లు చేసి రికార్డు రాసిన విద్యార్థికీ తేడా పీహెచ్‌డీ ఇంటర్వ్యూలో కనిపిస్తుంది. లెక్చరర్ అర్హతకీ, ఫెలోషిప్‌కీ రాసే నెట్ పరీక్షకు చదివేవాళ్లు రాత్రి దాకా లైబ్రరీలో కూర్చుంటారు, ఆ వాతావరణం ఇంటి నుంచి బస్సులో వెళ్లొచ్చే చదువులో రాదు. పైగా మన తెలంగాణ పిల్ల, మన యూనివర్సిటీ. 85 శాతం సీట్లు లోకల్ వాళ్లకే కదా, సీటుకేం ఢోకా లేదు.

కర్నూలు లెక్చరర్:

సీనియర్ గారి మాటల్లో ల్యాబుల సంగతి నిజం. కానీ చివరి వాక్యం దగ్గర ఆగాలి. ఈ అమ్మాయి విషయంలో అది వర్తించదు. నేను ఇక్కడ డిగ్రీ కాలేజీలో పాఠాలు చెబుతాను. అలంపూర్, మానవపాడు, అయిజ నుంచి వచ్చే పిల్లలు మా క్లాసుల్లో ఏటా ఉంటారు. ఈ గందరగోళం ఏటా చూస్తున్నాను కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

ప్రవేశాలకు లోకల్ ఎవరన్నది 1974లో రాజ్యాంగం 371-డి అధికరణ కింద వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వుల నుంచి నడుస్తోంది. పుట్టిన ఊరు, రేషన్ కార్డు, ఆధార్ అడ్రసు కాదు మొదట చూసేది. అర్హత పరీక్ష రాసిన ఏడాదితో ముగిసేలా వరసగా నాలుగేళ్లు ఎక్కడ చదివారన్నదే చూస్తారు. పీజీకి అర్హత పరీక్ష డిగ్రీ. మీ చెల్లి ఇంటర్ రెండేళ్లు, డిగ్రీ మూడేళ్లు కలిపి ఐదేళ్లూ కర్నూలులోనే ఉంది. కర్నూలు శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయ ప్రాంతంలోకి వస్తుంది. అంటే చదువు లెక్కన మీ చెల్లి రాయలసీమలో లోకల్, ఉస్మానియా ప్రాంతంలో నాన్‌లోకల్. ఇంట్లో కూర్చుని తుంగభద్ర చూసే పిల్లకి ఈ మాట చెప్పడం నాకే కష్టంగా ఉంటుంది. ఏటా చెప్పాల్సి వస్తోంది.

అలాగని ఉస్మానియా తలుపు మూసుకుపోలేదు. మిగిలిన 15 శాతం అన్‌రిజర్వుడు సీట్లున్నాయి. రాష్ట్ర విభజన చట్టం పాత ప్రవేశాల పద్ధతిని పదేళ్ల దాకా ఉంచింది, ఆ గడువు 2024 జూన్ 2తో అయిపోయింది. 2025 ప్రవేశాల నుంచి తెలంగాణ ఆ 15 శాతాన్ని తన రాష్ట్రంవాళ్లకే పరిమితం చేసింది. అందువల్ల కర్నూలు పిల్లలకు నష్టం జరిగింది, మీ చెల్లిలాంటివాళ్లకు మేలు జరిగింది. బయట చదివిన కాలం పోను రాష్ట్రంలో మొత్తం పదేళ్లు ఉన్నవాళ్లు, లేదా తల్లిదండ్రుల్లో ఒకరు పదేళ్లు ఉన్నవాళ్లు ఆ 15 శాతానికి అర్హులు. కాకపోతే ఆ సీట్లకు పోటీ ఎక్కువ, లోకల్ పిల్లలు కూడా మెరిట్ మీద అందులోకే వస్తారు. కాబట్టి నిరుడు లోకల్ కోటాలో ఎంత ర్యాంకుకు సీటు వచ్చిందో చూసుకుని ధీమాగా ఉండకండి.

ఇక మీ బాబాయి గారి భయం. అది పూర్తిగా వేరే విషయం. తెలంగాణ ఉద్యోగాలకు 2018 రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం ఒకటి నుంచి ఏడో తరగతి వరకు ఎక్కడ చదివారన్నదే చూస్తారు, అందులో కనీసం నాలుగేళ్లు. మీ చెల్లి ఆ ఏడేళ్లూ ఊళ్లోనే చదివింది. తను కర్నూలులో పీజీ చేసినా, కాశీలో చేసినా గద్వాల జిల్లాకు, జోగులాంబ జోన్‌కు లోకలే. 95 శాతం రిజర్వేషన్ తనకు అలాగే ఉంటుంది. చదువుకు ఒక లెక్క, కొలువుకు ఇంకో లెక్క. ఈ రెంటినీ కలిపేసి భయపడి, వచ్చిన మంచి సీటు వదులుకున్న పిల్లల్ని చూశాను.

గద్వాల వాసి:

మేడమ్ రూల్సు చెప్పారు, సంతోషం. నేను ఖర్చు సంగతి చెబుతాను. కర్నూలులో చేరితే పిల్ల ఇంటి అన్నం తిని వెళ్లి సాయంత్రానికి వచ్చేస్తుంది. హైదరాబాద్‌లో హాస్టల్ సీటు వెంటనే దొరక్కపోతే ఏం చేస్తారు? మా అన్న కూతురు హైదరాబాద్‌లో ఒక యూనివర్సిటీలో చేరింది, పేరెందుకు. మొదటి సెమిస్టరంతా ప్రైవేటు హాస్టల్లోనే ఉండాల్సి వచ్చింది. చదువు ఫీజు కన్నా ఆ హాస్టల్ ఖర్చే ఎక్కువైంది. రెండెకరాల రైతు ఎక్కడి నుంచి తెస్తాడు? రాయలసీమ యూనివర్సిటీ 2008లో వచ్చిందని తక్కువగా చూడకండి. అంతకు ముందు అది శ్రీకృష్ణదేవరాయ యూనివర్సిటీ పీజీ సెంటర్, అక్కడ పీజీ చదువులు ఎప్పటి నుంచో ఉన్నాయి. సిలబస్ ఎక్కడైనా ఇంచుమించు అదే. చదివే పిల్ల ఎక్కడైనా చదువుతుంది.

తార్నాక సీనియర్:

"చదివే పిల్ల ఎక్కడైనా చదువుతుంది" అన్న మాటతోనే మన జిల్లాల పిల్లల్ని ఇంటి దగ్గర కట్టేస్తున్నారు. అదే ఇంట్లో కొడుకైతే హైదరాబాద్ పంపేవాళ్లా, కాదా? హాస్టల్ భయముంటే కోఠి మహిళా కళాశాల ఉంది, ఇప్పుడు అది వీరనారి చాకలి ఐలమ్మ మహిళా విశ్వవిద్యాలయం. సీపీగెట్ తోనే సీటు. పాత బ్రిటిష్ రెసిడెన్సీ ఆవరణలో, ఊరి మధ్యలో, అంతా ఆడపిల్లలే. మేడమ్ గారూ, 15 శాతం సంగతి నాకు ఇంత వివరంగా తెలియదు, చెప్పినందుకు ధన్యవాదాలు. అయినా నా మాట అదే: ఒక్క సీటున్నా దానికోసం ప్రయత్నించాలి.

కర్నూలు లెక్చరర్:

ప్రయత్నించమనే నేనూ అంటున్నాను. గద్వాల సోదరుడు ఖర్చు అన్నారు కాబట్టి ఒక మాట చేర్చాలి. కర్నూలు చవక అని లెక్క వేసేటప్పుడు ఫీజు రీయింబర్స్‌మెంట్ వస్తుందనుకుని వేయకండి. సీటుకు చదువు లెక్కన ఏపీలో లోకల్ అయినా, ఏపీ ప్రభుత్వం ఫీజు ఇచ్చేది అక్కడి కుటుంబాలకు. మీ కార్డు తెలంగాణది. చేరే ముందే రెండు చోట్లా ఫీజు ఎంత కట్టాలో, ఏ పథకం వర్తిస్తుందో కాగితం మీద రాయించుకోండి. మాటలు నమ్మి చేరి, రెండో ఏడాది ఫీజు కట్టలేక సర్టిఫికెట్లు ఆఫీసులో ఇరుక్కుపోయిన అమ్మాయి నా దగ్గరికి వచ్చి ఏడ్చింది. ఏ యూనివర్సిటీ అన్నది ఇక్కడ అనవసరం, ఆ తప్పు ఎక్కడైనా జరుగుతుంది.

జడ్చర్ల క్యూసీ:

పోలేపల్లి సెజ్‌లో (ప్రత్యేక ఆర్థిక మండలిలో) ఒక ఫార్మా కంపెనీలో క్వాలిటీ కంట్రోల్ చేస్తున్నాను. నేనూ సరిహద్దు ఊరివాణ్నే. ఇంటర్వ్యూ ప్యానెల్లో కూర్చున్నప్పుడు మేం యూనివర్సిటీ పేరు చూసేది ఒక్క నిమిషం. తర్వాత అడిగేవి ఇవి: హెచ్‌పీఎల్‌సీ (మిశ్రమంలోని రసాయనాలను విడదీసి కొలిచే మెషీన్) మీద స్వయంగా శాంపిల్ ఎక్కించావా? అందులో పంపే ద్రావణం, అదే మొబైల్ ఫేజ్, ఎలా తయారు చేశావు, ఫిల్టర్ చేసి డీగ్యాస్ చేశావా? పీక్ చీలిపోతే మొదట ఏం చూస్తావు? మెరిట్ సర్టిఫికెట్లు బల్ల మీద పెట్టిన పిల్లలు కూడా ఇక్కడ తలదించుకుంటారు. ఎందుకంటే వాళ్ల డిపార్ట్‌మెంట్‌లో మెషీన్ ఉంది, దానిమీద గుడ్డ కప్పి ఉంది. విద్యార్థిని ముట్టుకోనివ్వరు, లేదా రిపేరులో ఉంటుంది. పెద్ద పేరున్న చోట కూడా ఇలా ఉంది, చిన్న చోట ఒక్క మంచి సారు వల్ల పిల్లలు చేతితో పనిచేసి వచ్చిందీ ఉంది.

అందుకే నేను చెప్పేది వేరు. రెండు డిపార్ట్‌మెంట్లకూ ఒక పని రోజు వెళ్లండి. ల్యాబ్ తలుపు దగ్గర రెండో ఏడాది పిల్లల్ని పట్టుకుని అడగండి, నిరుడు ప్రాజెక్టు ఎక్కడ చేశారు, ఆర్గానిక్ ఎవరు చెబుతారు, ఆయన రెగ్యులరా కాంట్రాక్టా అని. రెండు రాష్ట్రాల్లోనూ యూనివర్సిటీ ఖాళీలు ఏళ్ల తరబడి నింపలేదు, కాంట్రాక్టు అధ్యాపకులే చాలా చోట్ల డిపార్ట్‌మెంట్లను నిలబెడుతున్నారు. వాళ్లలో ఎంతో మంచివాళ్లు ఉన్నారు. కానీ వచ్చే ఏడాది ఉంటారో లేదో తెలియని మనిషి కింద ప్రాజెక్టు మొదలుపెట్టడం ఎంత ఇబ్బందో నాకు తెలుసు.

ఇంకొకటి, ఎవరూ పాలమూరు యూనివర్సిటీ పేరెత్తలేదు. మహబూబ్‌నగర్‌లో ఉంది, మా సెజ్ పక్కనే. ఉద్యోగమే లక్ష్యమైతే ఆ దగ్గరితనం పనికొస్తుంది.

అలంపూర్ అన్న:

అందరికీ ధన్యవాదాలు. 85 శాతం సంగతి ఇంట్లో చెబితే నాన్న నమ్మలేదు, "మన పిల్ల మన రాష్ట్రంలో నాన్‌లోకల్ ఎట్లయితది" అన్నారు. చెల్లికి పీహెచ్‌డీ చేసి లెక్చరర్ కావాలని ఉంది. అలాంటప్పుడు ఏది మంచిది? లెక్చరర్ అర్హతకు రాష్ట్రాలు పెట్టే సెట్ పరీక్ష కూడా ఏ రాష్ట్రంలో పీజీ చేస్తే ఆ రాష్ట్రానిదే రాయాలా?

కర్నూలు లెక్చరర్:

పీజీ ఎక్కడ చేశారన్నదానికీ సెట్‌కీ సంబంధం లేదు. కాకపోతే తెలంగాణ సెట్ తెలంగాణలో, ఏపీ సెట్ ఏపీలో మాత్రమే చెల్లుతుంది. నెట్ దేశమంతా చెల్లుతుంది. సరిహద్దులో ఉన్న పిల్లకి సైన్సు వాళ్లు రాసే సీఎస్ఐఆర్ నెట్ కన్నా మంచి ఆస్తి లేదు, ఫెలోషిప్ వస్తే పీహెచ్‌డీ ఖర్చు కూడా గడుస్తుంది. లెక్చరర్ కావాలంటే మాత్రం నేను తార్నాక సీనియర్ పక్షం. ఉస్మానియా క్యాంపస్‌లో సీటు వస్తే పంపండి. అక్కడ కాక, ఊరవతల ఒక అనుబంధ కాలేజీలో వస్తే నా మాట రాయలసీమ యూనివర్సిటీ క్యాంపస్. సీపీగెట్‌లో క్యాంపస్ సీటూ, అనుబంధ కాలేజీ సీటూ ఒకే జాబితాలో కనిపిస్తాయి, పేరు పక్కన కాలేజీ కోడ్ చూడకుండా ఆప్షన్ పెట్టేవాళ్లు చాలామంది. వచ్చే ఏడాది దాకా ఆగే ఓపికుంటే కేంద్రీయ విశ్వవిద్యాలయాల ప్రవేశ పరీక్ష సీయూఈటీ పీజీ కూడా రాయించండి. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో, అనంతపురంలోని కేంద్రీయ విశ్వవిద్యాలయంలో ఈ లోకల్ కోటా గొడవే ఉండదు.

ఇక్కడ నా బాధ ఒకటి చెప్పుకోవాలి. నది ఇవతలి ఒడ్డున యూనివర్సిటీ, అవతలి ఒడ్డున ఊళ్లు. ఆ ఊళ్ల పిల్లలకు ఇంటర్ నుంచి కర్నూలే దగ్గర. రెండు ప్రభుత్వాలు నీళ్ల గురించి కూర్చుని మాట్లాడుకుంటాయి, సరిహద్దు మండలాల పిల్లల సీట్లు, స్కాలర్‌షిప్‌ల గురించి ఒక్కసారి మాట్లాడుకుంటే ఎన్ని ఇళ్లల్లో ఈ టెన్షన్ తగ్గేది!

గద్వాల వాసి:

మేడమ్, ఆ మాటకు నేనూ చేయి కలుపుతాను. కానీ ఒప్పందాలు వచ్చేసరికి ఈ పిల్ల రిటైర్ అవుతుంది. నా మాట ఇప్పటికీ కర్నూలే. క్యాంపస్ సీటు అక్కడ గ్యారంటీగా వస్తుంటే, హైదరాబాద్‌లో 15 శాతంలో దూరుతుందో లేదో అని ఎదురుచూడటం ఎందుకు?

జడ్చర్ల క్యూసీ:

ఎదురుచూడొచ్చు, చేతిలో సీటు పెట్టుకుని. అన్నా, ముందుగా మీసేవలో నాన్న పేరున పదేళ్ల నివాస ధ్రువపత్రానికి అప్లై చేయండి, అది ఆలస్యమైతే 15 శాతానికి కూడా అనర్హులే. ఆరో తరగతి నుంచి డిగ్రీ దాకా స్టడీ సర్టిఫికెట్లన్నీ తీసిపెట్టండి. ఏపీ కౌన్సెలింగ్ ముందు వస్తే రాయలసీమ సీటు తీసుకోండి. కానీ ఒరిజినల్ టీసీ ఇచ్చేముందు, మానేస్తే ఎన్ని రోజుల్లో వెనక్కిస్తారో, ఫీజులో ఎంత కోస్తారో అడగండి. ఉస్మానియాలో సీటు వస్తే మైగ్రేషన్ సర్టిఫికెట్ కూడా కావాలి, దానికి డిగ్రీ ఇచ్చిన యూనివర్సిటీలో ఈ వారమే దరఖాస్తు పెట్టండి.