అప్‌డేట్: సగం ఓట్లు రాకుండా ఎమ్మెల్యే ఎలా అవుతారు?

తిరుపతిలో సగానికి తక్కువ ఓట్లతో ఎలా గెలుస్తారని ఆమధ్య అడిగాను. జవాబిచ్చిన అందరికీ ధన్యవాదాలు. ఓట్ల లెక్కింపు విధులు చేసిన మా పిన్ని 2019 ఫలితాన్ని కాగితంపై వేసి చూపించింది. వైఎస్సార్‌సీపీ అభ్యర్థి భూమన కరుణాకర్ రెడ్డికి 80,544, టీడీపీ అభ్యర్థి సుగుణమ్మకు 79,836. తేడా 708! జనసేనకు పడినవి వేలల్లో ఉన్నాయి. మిగతావారి ఓట్లన్నీ కలిపితే విజేతవాటికన్నా ఎక్కువే. అయినా మొదటి స్థానం చాలు. రెండో విడత పోలింగ్ ఉండదు. ఇద్దరికీ సమానంగా వస్తే లాటరీ తీస్తారట, చట్టంలోనే ఉంది. ఓడినవారికి వేసిన ఓట్లకు సభలో చోటే లేకపోవడం నాకు ఇప్పటికీ అన్యాయంగానే అనిపిస్తోంది. అయితే మన ఊరికి ఒక్కరే జవాబుదారీ అన్న పిన్ని మాటనూ కొట్టిపారేయలేను. తమ్ముడికి ఈసారి తొలి ఓటు. ఆ కాగితం వాడికిచ్చాను.