మహాగని గింజకి ఉండేది ఒక్క రెక్కే కదా, మరి ఫ్యాన్‌లా ఎలా తిరుగుతుంది?

జయనగర్_నాన్న:
అందరికీ నమస్తే. మా వీధిలో రెండు మహాగని చెట్లున్నాయి, ఎండలు ముదిరితే చాలు పైన కాయలు పగిలి ఆ చెక్కలు కార్ల మీద టపటపా పడతాయి (ఓనర్ల తిట్లు వేరే), వాటి వెనకే గోధుమరంగు రెక్కల గింజలు గిర్రున తిరుగుతూ దిగుతాయి. మా పాప రోజూ గుప్పెడు ఏరుకొచ్చి మూడో ఫ్లోర్ బాల్కనీలోంచి వదుల్తుంది. నిన్న "నాన్నా, ఫ్యాన్‌కి మూడు రెక్కలు, దీనికి ఒకటే, మరెలా తిరుగుద్ది?" అంది. మెకానికల్ చదివి కూడా నోరు తెరిచి కూచున్నా. ఇంకో డౌట్, ఇంత తిరిగినా గింజలన్నీ చెట్టు కిందే పడుతున్నాయి, ఇక చెట్టుకి ఒరిగిందేంటి?

పాత_ఏరో:
ఒక్కటే ఉండబట్టే తిరుగుతోందండీ. ఓ గింజని అడ్డంగా వేలి మీద నిలబెట్టండి, బ్యాలెన్స్ అయ్యే చోటు మధ్యలో ఉండదు, బరువున్న గింజ వైపుకి ఉంటుంది. పడేటప్పుడు బరువు కిందికి లాగేది అక్కడ, గాలి తోసేది రెక్క మీద, ఈ రెండూ ఒక చోట కలవవు కాబట్టి అది తిన్నగా పడలేక తిరుగుడు మొదలెడుతుంది. రెండు పక్కలా సమానంగా ఉంటే కాగితం ముక్కలా దొర్లుకుంటూ పోయేది.
ఇప్పుడు రెక్క అంచులు గోటితో తడమండి. ఒకటి ఈనెలా గట్టిగా ఉంటుంది, రెండోది ఉల్లిపొర. గట్టి అంచే ముందుండి గాలిని కోస్తుంది. ఇలాగే ఒక్క రెక్కతో తిరిగే మేపుల్ చెట్టు గింజల మీద 2009లో డేవిడ్ లెంటింక్ అనే సైంటిస్ట్ వాళ్ళు సైన్స్ జర్నల్‌లో ఓ పేపర్ వేశారు, గింజకి పెద్ద మోడల్ చేసి నూనె తొట్టిలో తిప్పి చూశారు. ముందు అంచు పైన చిన్న సుడి పుడుతుంది, ఊడిపోకుండా అక్కడే అంటుకుని ఉంటుంది, దాని లోపల ప్రెషర్ తక్కువ కాబట్టి రెక్కని పైకి పీలుస్తుంది. పురుగులూ గబ్బిలాలూ ఎగరడానికి వాడుకునేదీ ఇలాంటి సుడినే.

మల్లేశ్వరం_మొక్కలమ్మ:
రెండో డౌట్ నేను చెప్తా. రెక్క పని ఎగరడం కాదు బాబూ, లేటుగా దిగడం, అంతే. దూరం తీసుకెళ్ళేది గాలి. పది మీటర్ల ఎత్తు నుంచి సెకనుకి ఒక మీటరు చొప్పున దిగితే పది సెకన్లు గాల్లో ఉన్నట్టు, ఆ టైంలో గాలి సెకనుకి మూడు మీటర్లు వీస్తే ముప్పై మీటర్లు పోతుంది. గాలి లేని పొద్దున మీ పాప వదిలితే గేటు దాటదు మరి! చెట్టు మాత్రం అలా వదలదు, కాయ బాగా ఎండాలి, గాలి ఊపాలి, అప్పుడే ఊడతాయి. ఎక్కువ గింజలు కిందే రాలతాయి నిజమే, తల్లి నీడలో మొలిచినవి చాలామటుకు బతకవు, దూరం పోయిన ఆ నాలుగే లెక్క.

కడపోడు:
అన్నా మా వైపు ఎర్రచందనం కాయ చూసినావా? గింజ నడిమధ్యన, చుట్టూ అప్పడం లెక్క రెక్క. అది హెలికాప్టర్ తిరుగుడు తిరగదు, ఊగుతా అల్లాడుతా వస్తది. ఇంకోటి, మహాగనిలో రెక్క గింజది, కాయ పగిలితేనే బయటికొస్తది. ఎర్రచందనంలో కాయే రెక్క, మొత్తం కాయకి కాయే ఎగురుద్ది. నెమలినార కాయా అంతే.

జయనగర్_నాన్న:
అందరికీ థాంక్స్. నిన్న సాయంత్రం బాల్కనీలో ట్రై చేశాం, ఫోన్ స్టాప్‌వాచ్ పెట్టి. మామూలు గింజకి ఆరేడు సెకన్లు పట్టింది, రెక్క పూర్తిగా తుంచేసి వదిల్తే రెండు సెకన్లక్కూడా ఆగలా, టప్‌మని కింద ఆంటీ తులసికోట పక్కన పడింది. తర్వాత ఉల్లిపొర అంచు ఒక్కటే కత్తిరించాం, తిరిగింది గానీ త్వరగా దిగిపోయింది. పాప ఇప్పుడు ఎర్రచందనం కాయ కావాలంటోంది. లాల్‌బాగ్‌లో దొరుకుతుందా కడపోడు గారూ?

కడపోడు:
ఊరికి పోయినప్పుడు మా తోటలోవి నాలుగు తెచ్చిస్తాలే అన్నా. కాయలే లే, దుంగలు కాదు, చెక్‌పోస్ట్‌లో నన్ను ఇరికించొద్దు 😄